పుట్ ఆఫ్ జాబితా

అనంతపురం, 8-8-2002

అవ్వకు ప్రసూన నమస్కారాలు.

ఇంగ్లీషులో ‘పుట్ ఆఫ్’ అని ఒక మాట ఉంది. పనిని తర్వాతికి వాయిదా వేయడం అని అర్థం. దాంతో అయిదు వాక్యాలు సొంతంగా రాయమన్నారు మా కాలేజీ సారు. ‘పరీక్ష పుట్ ఆఫ్ చేశారు’ తప్ప నాకేమీ తోచడం లేదు. మన ఊళ్లో వాయిదా పడినవేమైనా ఉంటే రాయి.

నీ మనవరాలు,
ప్రసూన

తా.క.: నాలుగు చాలు.

కళ్యాణదుర్గం దగ్గర, మన ఊరు, 14-8-2002

ప్రసూనకు అవ్వ రామసుబ్బమ్మ దీవెనలు, దాంతోపాటు దిగుళ్లు.

నాలుగు ఏం చాలుతాయి తల్లీ? వాన పుట్ ఆఫ్. అందుకని చెనిక్కాయ విత్తేది పుట్ ఆఫ్. బోరు వేయించేది పుట్ ఆఫ్. జాతర కూడా.

నేను రాస్తుంటే పక్కింటి నల్లమ్మ చూసింది. కరువొచ్చిన ప్రతి ఏడూ ఎవరో ఒకరు వచ్చి మన కష్టాలు రాసుకుని పోతారు కదా, ఇదీ అదే అనుకుంది. “నా పేరెందుకు రాయలే రామసుబ్బక్కా? మా మనవడికి పుట్టెంట్రుకలు తీసేది మూడేండ్లుగా నిలిచిపోయుండాది!” అని కొట్లాటకొచ్చింది. రాసినాను. పొద్దుగూకేసరికి వాకిట్లో ఇరవై ఆరు మంది. వాళ్లను చూసి నాకూ ఇది కరువు జాబితానేమో అనిపించింది. సర్కారు నుంచి ఏమీ రాకపోతే ఊరంతా నన్నే అంటుంది. ఏం చేయాలో వెంటనే రాయి.

దిగులుతో,
అవ్వ

తా.క.: ఓబుళేసు నిరుడు ఎద్దులు అమ్ముకున్నాడు. అది పుట్ ఆఫ్ కిందికి వస్తుందా? రాదంటే ఏడ్చేటట్టున్నాడు. అందరితో పాటు వాడి చేతా వేలిముద్ర వేయించి, ఆ కాగితం దీంతోపాటే పంపుతున్నాను.

అనంతపురం, 20-8-2002

అవ్వా,

అది కరువు జాబితా కాదు! నేను సర్కారును కాదు, బి.ఎ. రెండో సంవత్సరం. ఇరవై ఆరు వేలిముద్రలు చూసి మా సారు కుర్చీలోంచి లేచారు. అందరికీ నిజం చెప్పేయి.

ప్రసూన

తా.క.: అయిదుకు అయిదు మార్కులొచ్చాయి.

మన ఊరు, 27-8-2002

ప్రసూనకు అలసిపోయిన అవ్వ దీవెనలు.

బస్సు కాడ ఒకరు, కొళాయి కాడ ఒకరు “మా కాగితం యాడికొచ్చింది?” అంటూనే ఉన్నారు. నిన్న అందరినీ పిలిచి, ఇది పిల్ల చదువు కోసమని చెప్పినాను. “వచ్చేదంతా నువ్వొక్కదానివే తినల్లనుకున్నావా?” అన్నాడు ఓబుళేసు. ఇంక నా చేత కాక, “జాబితా పుట్ ఆఫ్ అయిందప్పా” అన్నాను.

ఒక్కరూ అర్థం అడగలేదు. ఒక్కరూ కోప్పడలేదు. తువ్వాళ్లు దులుపుకుని ఎవరిండ్లకు వాళ్లు పోయినారు.

ఇట్లు,
అవ్వ

తా.క.: నల్లమ్మ మాత్రం వెనక్కి తిరిగి, “అయితే పేర్లు ఉన్నట్టే గదక్కా?” అనింది. ఉన్నట్టే అన్నాను. మీ సారు ఆ కాగితం పారేయకుండా చూడు తల్లీ.