పలకరాయి ఆట, బావ కుప్ప

బెంగళూరు,
ఆదివారం, ఆరాధన అయ్యాక

ప్రియమైన రూతమ్మక్కకు,

నీ తమ్ముడు జక్రయ్య ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ క్షేమం. అక్కడ నువ్వు, బావ, నీ మోకాలి నొప్పి, ఆ గుడ్డి మేక అందరూ కులాసాయే అనుకుంటాను. ఫోను ఉండగా ఈ ఉత్తరమేందని నవ్వబాక. ఫోనులో అయితే బావ స్పీకర్ పెట్టమంటాడు. ఇందులో ఆయన కడుపునిండా అన్నం తిన్నాకే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ముందు నువ్వొక్కదానివే చదువు.

ఇక్కడ వానకు వేళాపాళా లేదు. మన మార్కాపురంలో మబ్బు కనిపిస్తే పని ఆపి బయటికొచ్చి చూస్తాం. వీళ్లు తిట్టుకుంటూ లోపలికి ఉరుకుతారు. సాంబారులో బెల్లం వేస్తారక్కా. మొదటిరోజు వంటావిడను ఇది కూరా, పాయసమా అని అడిగాను. ఆమెకు తెలుగు రాకపోవడం నా అదృష్టం. సాయంత్రం గదికి వస్తే మాట్లాడేందుకు మనిషి లేడు. గోడమీద బల్లి ఉంది, దాన్నే మామా అని పిలుస్తున్నాను. అయినా బాగానే ఉన్నాను. నువ్వు దిగులు పడొద్దు.

టీలు అందించే పనికి వచ్చానని నీకు తెలుసు కదా. ఆ ఆఫీసులో ఫోనులో ఆడే ఆటలు తయారు చేస్తారు. బొమ్మలు గీసేది, లోపలి లెక్క రాసేది అంతా ఏఐ అనే ఒక యంత్రం. దానికి ఏం కావాలో మనం మాటల్లో రాసిపెట్టాలి. ఆ రాతను ప్రాంప్టు అంటారు. మా మేడం నంద్యాల అమ్మాయి, వయసు చిన్నది, ఓపిక పెద్దది. చేతిపనుల మీద ఆటలు చేస్తున్నామంది. నేను ఊరుకుంటానా? "కుండలు, మగ్గాలు అందరూ చూసినవే మేడం. మా ఊళ్లో పలకరాయిని పొరలుగా చీలుస్తాం, ఆ ఆట పెట్టండి" అన్నాను. "అయితే నువ్వే రాయన్నా, తెలుగులోనే రాయి. శనివారానికి రాయి సరిగ్గా చీలితే నీకు ఇక్కడ కుర్చీ. చీలకపోతే ఆ ఆట తీసేస్తాం" అంది. చీలకపోతే నాకు మళ్లీ టీ ఫ్లాస్కే అన్నమాట.

నేను ఏడో తరగతి తెలివంతా కుమ్మరించి ఒకటే పెద్ద ప్రాంప్టు రాశాను. క్వారీ ఉండాలి, ఎండ ఉండాలి, మనిషి కొడితే పలకరాయి చీలాలి, చాలా బాగుండాలి, చూసినోళ్లు మెచ్చుకోవాలి అని. అది ఏం చేసిందో తెలుసా? కోటు తొడిగిన దొరను, వెనక మంచుకొండలను పెట్టింది. ఆ దొర పెద్ద సమ్మెటతో రాయి నడినెత్తిన కొట్టాడు. రాయి కొబ్బరికాయలా నూరు ముక్కలైంది. తిట్టాను. క్షమించమంది. మళ్లీ అదే చేసింది. అచ్చం మా బావ.

బుధవారం దాకా ఇదే వరస. మేడం ముఖంలో మళ్లీ కుండల ఆట కనిపించడం మొదలైంది. అప్పుడు గుర్తొచ్చావక్కా. మన క్వారీలో పనికి చేరిన కొత్తల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకొని నువ్వు అరిచిన అరుపులు. "ఒరే జక్రీ, అన్ని దెబ్బలు ఒక్కసారే ఎయ్యబాకరా! అంచున పొరల మధ్య ఉలి ఆనించు. ఒక్క దెబ్బ ఎయ్. ఆగు. గీత ఎందాక పోయిందో చూడు. చూసినాకే ఇంకోటి." నేను వినకుండా టపటపా పది దెబ్బలు వేసేవాడిని. నా ప్రాంప్టు కూడా అట్లాంటిదే కదా!

మర్నాడు అట్లే రాశాను. మొదట రాయి ఒక్కటే అడిగాను: నల్లగా, బల్లంత, అంచున కాగితాల కట్టలా పొరలు. ఆగి చూశాను. తర్వాత మనిషి: నేలమీద కూర్చున్న ఆడమనిషి, తలకు తువ్వాలు, కోటు వద్దు, మంచు వద్దు. చూశాను. తర్వాత దెబ్బ: ఉలి అంచునే ఆనాలి, ఒక దెబ్బకు గీత జానెడే నడవాలి, గీత ఆగకముందే ఇంకో దెబ్బ వేస్తే పలక విరగాలి. "బాగుండాలి" అన్న మాట ఎక్కడా రాయలేదు. తప్పు చేసినప్పుడు తిట్టకుండా ఏది తప్పో ఆ ఒక్కటే చెప్పాను. శుక్రవారం మధ్యాహ్నం రాయి చీలిందక్కా! పొర లేచింది.

మేడం ఆడి చూసి, "సరిగ్గా ఉందన్నా. కానీ నవ్వు రాలేదు. ఇందులో సరదా ఏంది?" అంది. అక్కడే నేను ఒక పాపం ఒప్పుకోవాల్సి వచ్చింది. నీకూ ఇప్పుడే ఒప్పుకుంటున్నాను. అప్పట్లో నేను విరగ్గొట్టిన పలకలన్నీ ఏమయ్యాయో నువ్వు ఎప్పుడైనా అడిగావా? పక్కన పనిచేసే, అప్పటికింకా బావ కాని దేవదాసు పలకల కుప్ప కింద దాచేవాడిని. మేస్త్రీ వచ్చి ఆయన్ను, "ఏందయ్యా, పలకలు చీలుస్తున్నావా, అప్పడాలు ఇరుస్తున్నావా?" అని అందరి ముందర కడిగేవాడు. ఆయన నోరు తెరవకుండా నిలబడేవాడు. నువ్వు జాలిపడి చెంబుతో నీళ్లు ఇచ్చేదానివి. ఆ జాలి పెళ్లిదాకా పోయింది. ఇన్నేళ్లూ పాస్టరుగారు కుదిర్చారని అనుకుంటున్నారు మీరిద్దరూ. కుదిర్చింది నేను.

ఇదంతా చెప్తే మేడం పొట్ట పట్టుకొని నవ్వింది. వెంటనే ఇంకో ప్రాంప్టు రాశాను: విరిగిన పలకను ఆడేవాడు పక్కమనిషి కుప్ప కింద దాచుకోవచ్చు. మూడోసారికి పక్కమనిషి తిరిగి చూడాలి. నిన్న శనివారం ఆఫీసంతా ఆడింది. ఒకరి కుప్పలోకి ఒకరు పలకలు తోసి ఒకటే గోల. ఆట ఉంటుందంది మేడం. రేపటినుంచి నాకు కిటికీ పక్కన కుర్చీ. టీ ఇంకొకరు తెస్తారు, చక్కెర తక్కువైతే అనేందుకు నాకు హక్కుంది.

ఇప్పుడు నాకు రెండు పనులు చేసిపెట్టాలి. ఆటలో ఆ ఆడమనిషికి నీ గొంతు కావాలి. "ఒక్క దెబ్బ ఎయ్. ఆగు" అని ఫోనులో రికార్డు చేసి పంపు, నీకు ఇష్టమైతేనే. రెండోది, పక్కమనిషి తిరిగి చూస్తాడు గానీ వాడికింకా మాటల్లేవు. రాసిచూశాను, యంత్రాన్నీ అడిగాను. అది రాసిన తిట్లు బెల్లం సాంబారులా ఉన్నాయి. కాబట్టి బావకు అన్నం పెట్టి, ఈ ఉత్తరం పైకి చదివి, ఆయన నోరు తెరవకముందే రికార్డు నొక్కు. అప్పుడు మేస్త్రీ ముందర దాచుకున్న తిట్లన్నీ బయటికి రానీ. ఒక్కటి కూడా తీసెయ్యొద్దు.

ఎండుమిరపకాయల కారం ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. సంఘంలో పెద్దలకు, మేరమ్మత్తకు నా వందనాలు. ప్రార్థనలో నా కుర్చీని కూడా తలుచుకో.

మీ పెళ్లి కుదిర్చిన నీ తమ్ముడు,
జక్రయ్య