అయిదున్నర అడుగుల లాంచీకి మోటారు

సంబంధిత అధికారులకు, వారెవరైనప్పటికీ, ఏ శాఖకు చెందినవారైనప్పటికీ, ప్రస్తుతం సీట్లో లేనప్పటికీ:

విజయవాడ, గుణదల నివాసియు, డిగ్రీ కళాశాలలో ప్రభుత్వ పాలన శాస్త్రం బోధించువాడును అయిన ఉదయభాస్కర్ అనే నేను సవినయంగా విన్నవించుకొనునది. ఈ దిగువ నమోదులు ఎవరికీ పంపబడవు. వీటిని ఎవరూ అడగలేదు. అయినా ప్రతిదానికీ తేదీ వేయబడుతుంది. తేదీ లేని కాగితం ఏ ఆఫీసులోనూ చెల్లదు.

మార్చి 3

హల్, అనగా పడవ ఒళ్లు, పూర్తయింది. ఒకప్పుడు కాలువల మీద జనాన్ని మోసిన లాంచీకి ఇది నమూనా. పొడవు అయిదున్నర అడుగులు. ప్లైవుడ్ మీద ఫైబర్ గ్లాస్. హాల్లో, డైనింగ్ టేబుల్ ఉండిన చోట ఉంది. ఆ టేబుల్‌కు రెండేళ్లుగా తగిన పని లేనందున దానిని బాల్కనీకి బదిలీ చేయడమైనది.

ఇక మోటారు ఎంపిక మిగిలింది. ఇందుకై ఏకసభ్య కమిటీని నియమించాను. సభ్యుడిని నేనే. కోరం సమస్య తలెత్తదు.

మార్చి 5

ఆటోనగర్ వెళ్లాను. మణికుమార్ అనే ఆయన అక్కడ పాత మోటార్లు అమ్ముతాడు. నీళ్లలోకి మోటారు కావాలన్నాను. ఎన్నెకరాలండీ అన్నాడు. ఎకరాలు లేవన్నాను. మరి నీళ్లెక్కడికి తోడతారండీ అన్నాడు. తోడను, నీళ్ల మీద పడవ నడుపుతాను, ఇంత ఉంటుందని చేతులు చాపి చూపించాను. పిల్లలకాండీ అన్నాడు. పిల్లలు లేరన్నాను. నా రెండు చేతుల మధ్య ఉన్న ఖాళీని కాసేపు చూసి, టీ చెప్పాడు.

ఈ డెల్టాలో మోటారంటే హెచ్.పి. మూడు చాలినచోట అయిదు బిగిస్తారు, అయిదు చాలినచోట ఏడున్నర. చాలడం ఇక్కడ ఒక లోపం. మణికుమార్ ఏకంగా ఈ-రిక్షా మోటారు తీసి బల్ల మీద పెట్టాడు. బల్ల మూలిగింది. పెద్దది వేసుకోండి సార్, ఎప్పటికైనా పనికొస్తది, చిన్నది పెట్టి బాగుపడినోణ్ణి నేను చూళ్లేదు అన్నాడు.

కమిటీ అతని వాంగ్మూలాన్ని నమోదు చేసుకుంది.

మార్చి 9

నివేదిక, మొదటి ముసాయిదా.

డ్రిల్లు మోటారు చిన్నది, చవక. కానీ వేగంగా తిరుగుతుంది తప్ప బలంగా తిరగదు. పెద్ద ప్రొపెల్లర్ తగిలిస్తే వేడెక్కి వాసన వేస్తుంది. కారు వైపర్ మోటారుకు బలం పుష్కలం. అయితే అది వానను తుడిచే నిదానంతోనే పడవనూ నడుపుతుంది. కారు రేడియేటర్ ఫ్యాన్ మోటారు పన్నెండు వోల్టులది. మరీ వేగం లేదు, పెద్ద ప్రొపెల్లర్‌ను తాపీగా తిప్పుతుంది, ఒక్క బ్యాటరీతో గంట నడుస్తుంది.

ఈ-రిక్షా మోటారు విషయమై కమిటీ గమనించినది ఏమనగా, ఈ ఆకారపు పడవకు ఒక గరిష్ఠ వేగం ఉంది. అది దాటాక ఎంత మోటారు పెట్టినా లాభం లేదు. ముక్కు ముందు తానే ఒక అల లేపుకుని, దాన్ని ఎక్కలేక, అక్కడే రొప్పుతూ ఉంటుంది. ఈ స్థితి కమిటీకి పరిచితమే.

మార్చి 10

రేడియేటర్ ఫ్యాన్ మోటారు అన్ని విధాలా సరిపోతుంది. దానితో కలిపి పడవను నేనొక్కడినే ఎత్తగలను. నిర్ణయం వాయిదా వేయడమైనది.

మార్చి 16

ఈ-రిక్షా మోటారు కొన్నాను. దానికి తోడు స్కూటీ బ్యాటరీలు నాలుగు. అన్నీ అడుగున బిగించి, పైన డెక్ పలక పరిచి, రెసిన్ జిగురుతో అతికించేశాను. చార్జింగ్‌కు వెనక ఒక సాకెట్ మాత్రం వదిలాను. ఇప్పుడు పడవ బరువు ఒక మనిషి బరువుకు కొంచెం తక్కువ. లిఫ్టులో పడుకోబెడితే పట్టదు, బ్యాటరీలున్నందున నిలబెట్టరాదు. మా ఫ్లాటున్న మూడో అంతస్తు నుంచి మెట్ల మీదుగా దించి, దగ్గర్లోని ఏలూరు కాలువ దాకా మోయాలి. ముందు కొస ఒకరు, వెనక కొస ఒకరు పట్టాలి.

ఇది కేవలం సాంకేతిక అవసరమని నమోదు చేయడమైనది.

మార్చి 17

వాచ్‌మన్ చక్రి చూశాడు. ఇదేంది సార్, శవపేటికనుకున్నా అన్నాడు. లాంచీ అన్నాను. దించాలంటే చెప్పండి సార్, రెండో పక్క నేను పట్టుకుంటా, ఎంతసేపు అన్నాడు. కృతజ్ఞతలు తెలిపి, ఆ పోస్టు రిజర్వ్ అయి ఉందన్నాను. ఎవరికి సార్ అన్నాడు. ఫైలు పరిశీలనలో ఉందన్నాను. మెట్లు దిగుతూ, అదేదో తొందరగా తేల్చండి సార్, ఎండలు ముదిరితే కాలవ కట్టేస్తారు అన్నాడు.

మార్చి 23

సుందరికి ఫోన్ చేశాను.

రికార్డు కోసం: త్రిపురసుందరి నా భార్య. కంకిపాడులో జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. రెండేళ్ల క్రితం కాలేజీకి దగ్గరగా ఉంటుందని అక్కడే ఇల్లు తీసుకుంది. ఇక్కడి నుంచి కాలేజీకి బస్సులో ముప్పావుగంట. అంతకుముందు పద్నాలుగేళ్లు ఆ బస్సే ఎక్కింది. వెళ్లేనాడు సూట్‌కేసు మూస్తూ, మీరు ఇంట్లో మనిషితో మాట్లాడరండీ, సర్క్యులర్ జారీ చేస్తారు, సంతకం పెట్టీ పెట్టీ నాకు చెయ్యి నొప్పెడుతోంది అంది. ఆ వ్యాఖ్యపై నా వివరణ నేటికీ పెండింగ్‌లో ఉంది.

ఫోన్లో ఆమెకు విషయం విశదీకరించాను. ఏలూరు కాలువలో లాంచీ ప్రారంభోత్సవం. మోయడానికి రెండో వ్యక్తి ఆవశ్యకత. ఒక పూట శ్రమ. మధ్యాహ్న భోజనం ఏర్పాటు కలదు. అంతా విని, వంట ఎవరు చేస్తారు అని అడిగింది. నేనే అన్నాను. అప్పుడు నవ్వింది. తర్వాత, స్పాట్ వాల్యుయేషన్ నడుస్తోందండీ, కట్టలు కట్టలు పేపర్లు, అయ్యాక చూద్దాం అంది.

చూద్దాం అన్న మాట తిరస్కరణ కిందికి రాదు.

మార్చి 30

ఉగాది. పచ్చడికి ఆరు రుచులు కావాలి. ఆరింటినీ ఒక్కడికి సరిపడా తగ్గించడం సాధ్యపడలేదు. చేయలేదు.

ఏప్రిల్ 2

సుందరి తానే ఫోన్ చేసింది.

మీ పడవ గురించి ఆలోచించానండీ, బ్యాటరీలు తీసేసి విడిగా తీసుకెళ్లి, నీళ్లలో పెట్టాక వేసుకోవచ్చుగా అంది. డెక్ అతికించేశానన్నాను. బ్యాటరీల మీద డెక్ అతికించేవాళ్లని ఎక్కడైనా చూశారా, రేపు ఒకటి చచ్చిపోతే రంపం పెట్టి కోస్తారా అంది. ఆ అంశం రెండో దశలో పరిశీలిస్తామన్నాను. బరువు, పొడవు, వోల్టులు ఒకటొకటిగా అడిగింది. చెప్పాను. పెన్ను చప్పుడు వినిపించింది. అంత మోటారు ఎందుకండీ దానికి, కారు ఫ్యాన్‌ది పెట్టినా పోయేదిగా అంది. పోయేదన్నాను. అప్పుడు మీరొక్కరే మోసుకునేవాళ్లు కదా అంది. మోసుకునేవాణ్ణి అన్నాను.

పెన్ను కింద పెట్టిన చప్పుడైంది. మరి ఎందుకు పెట్టారు అని అడిగింది. ఈసారి గొంతు తగ్గించి అడిగింది.

సాంకేతిక కారణాల రీత్యా అన్నాను.

అదిగో మొదలెట్టారు అంది. పదమూడో తారీఖు ఆదివారం నాకు ఖాళీయే, వస్తే వస్తాను అని పెట్టేసింది.

ఏప్రిల్ 6

ఇల్లు కడిగాను. డైనింగ్ టేబుల్‌ను బాల్కనీ నుంచి వెనక్కు రప్పించాను. టేబుల్, లాంచీ రెండూ ఉంటే హాల్లో నడవడానికి దారి లేదు. గోడ వెంట పక్కకు తిరిగి నడుస్తున్నాను. అసౌకర్యం లేదు.

ఏప్రిల్ 9

రోడ్డు పక్కన దొరికిన అరటి బోదె నీళ్లలో వేసి, అది ఎటు కొట్టుకుపోతుందో, కాలువ వాలు చూసి వచ్చాను. రేవు దగ్గర గుర్రపుడెక్క పల్చగానే ఉంది. ప్రొపెల్లర్‌కు చుట్టుకోదు. వంకాయ కారం పెట్టి కూర ఒకసారి రిహార్సల్ చేశాను. ఉప్పు ఎక్కువైంది. రెండో రిహార్సల్ రేపు.

ఏప్రిల్ 11

కాలువకు నీళ్లు ఆపేశారు. ఈసారి ముందుగానే. పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్లు వేశారు.

సాయంత్రం వెళ్లి చూశాను. నీళ్లు తీసేసరికి గుర్రపుడెక్క అంతా బురదలో చతికిలబడింది. ఒక గేదె కాలువ మధ్యలో నిలబడి నన్ను చూసింది. దాని మోకాలు కూడా తడవలేదు.

ఏప్రిల్ 12

సుందరి మెసేజ్: కాలవ కట్టేశారంటగా. మరింక రేపు పనేముందండీ.

ఏప్రిల్ 12, రాత్రి

జవాబు ముసాయిదా ఒకటి: ప్రారంభోత్సవం అనివార్య కారణాల వల్ల వాయిదా పడినదని తెలియజేయుటకు చింతిస్తున్నాము. పంపలేదు.

ముసాయిదా రెండు: ప్రత్యామ్నాయంగా కంకిపాడు పరిసరాల్లోని చేపల చెరువును పరిశీలించగలరు. పంపలేదు.

లాంచీ పక్కన నేల మీద కూర్చున్నాను. స్విచ్ వేశాను. మోటారు గాలిలోనే తిరిగింది. చాలా మంచి మోటారు. ఇల్లంతా వణికింది. కింది ఫ్లాట్ సంపూర్ణమ్మగారు ఫోన్ చేసి, ఏం బాబూ, పిండి ఆడిస్తున్నావా ఈ వేళప్పుడు అన్నారు. ఆపేశాను.

ఆమె అడిగింది సబబైన ప్రశ్న. పనేముంది. పని ఏమీ లేదు. పని లేకుండా ఒక మనిషిని రమ్మనడానికి ఏ ఫార్మాట్ వాడాలో నాకు తెలియదు. ముప్ఫై బ్యాచ్‌లకు పాలన చెప్పాను. అందులో లేదు.

ఏప్రిల్ 13, ఉదయం ఆరు

ఫోన్ చేశాను. దిగువ అంశాన్ని మౌఖికంగా దాఖలు చేశాను. రెండుసార్లు చదివి వినిపించాను. అటువైపు ఫోన్ పెట్టేయలేదు. దీనిని రసీదుగా స్వీకరించడమైనది.

డిమాండ్ నం. 1: సుందరీ, ఎత్తడానికేమీ లేదు. ఊరికే రా.