ఆ ఆపరేషన్ ఆపుకో ఉమా

చెల్లి ఉమకి,

ఫోన్లో ఏడుపొచ్చి చెప్పలేనని, మీ చాట్రాయి వచ్చే మామిడికాయల ఆటోలో ఈ ఉత్తరం పంపుతున్నాను. మామిడి కోతలయ్యాక నడుంనొప్పికి గర్భసంచి తీయించుకుంటానన్నావుగా, ఆగవే. మా హాసిని ఇన్నేళ్లయినా పెద్దమనిషి కాలేదని చూపిస్తే, పుట్టుకతోనే దానికి గర్భసంచి లేదన్నారు. అండాశయాలు బాగున్నాయంట, గుడ్లు తయారవుతున్నాయంట, బిడ్డ పెరగడానికి చోటే లేదంట. తల్లిదో పిన్నిదో కుదిరితే పెద్దాసుపత్రిలో మార్చి పెడతారంట. అదీ నమ్మకం చెప్పలేమన్నారు డాక్టరమ్మ.

“నీది ఇస్తావా అమ్మా” అని అడిగింది. నేనూ నీలాగే నడుంనొప్పని నాదెప్పుడో తీయించేసుకున్నానని చెప్పలేక వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఎలాగూ పారేసేదే కదా అని అడగట్లేదే. మరిదిగారితో మాట్లాడు. భయమేస్తే వద్దను, ఏమీ అనుకోను. ఆదివారం దాన్ని తీసుకుని వస్తాను. దాని మొహం చూశాక చెప్పు.

మీ అక్క