దీవెన చెప్పిన షాట్లు

జూన్ 16

మళ్లీ దీవెన. అన్నం ముందు కూర్చుని మా ఆయన ఫోన్ చూసి నవ్వారు. ఏంటండీ అంటే, దీవెన చెప్పినట్టు షాట్లు పంచానోయ్, నా టీమ్ గెలిచింది అన్నారు. ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్. ఆడేది కంప్యూటరే. ఐదుగురిలో ఎవరు వందకి ఎన్ని షాట్లు వేయాలో ముందురోజు మనం చెప్పాలి, పొద్దున్నే రిజల్ట్ వస్తుంది. ఆ దీవెనకీ ఒక టీమ్ ఉందట. కాకినాడ అమ్మాయి. ఈయన ఇంతవరకు చూడనైనా లేదు. పనసపొట్టు కూర ఎలా ఉందో మాత్రం చెప్పలేదు.

జూన్ 17

ఈరోజు బాత్రూంలోకి కూడా ఫోన్ తీసుకెళ్లారు.

జూన్ 19

నేనూ గేమ్‌లో చేరాను. శ్యామలాంబ అని మా అమ్మమ్మ పేరు పెట్టుకున్నాను. నేను పాఠాలు చెప్పే సఖినేటిపల్లి స్కూల్‌కి వెళ్తూ, పంటు గోదావరి దాటేలోపు టీమ్ తయారు చేసేశాను. రేపటి మ్యాచ్ దీవెనతోనే. దాన్ని చిత్తుగా ఓడించాలి, ఆయన చూడాలి. అందరిలోకీ పొడుగ్గా ఉన్నవాడికి అరవై షాట్లు ఇచ్చేశాను. బాగా ఆడేవాడు ఉండగా మిగతావాళ్లకి ఎందుకు?

జూన్ 20

ఘోరంగా ఓడిపోయాను. పైగా దీవెనే మెసేజ్ పెట్టింది. ఏమీ అనుకోకండి శ్యామలాంబ గారూ, ఒక్కడికే అన్నీ ఇస్తే అవతలివాళ్లంతా వాడి మీదే పడతారండి, ఇరవై ఎనిమిది దాటనివ్వకండి అని. ఎంత పొగరు!

ఇరవై ఎనిమిదికి తగ్గించాను.

జూన్ 21

గెలిచాను. థాంక్స్ చెప్పక తప్పలేదు.

జూన్ 28

రోజూ పంటు మీద దీవెనతో చాటింగ్. ముందు షాట్ల గురించే, తర్వాత ఏవేవో. ఫిజియోథెరపీ చదువుతోందట. నా టెన్త్ పిల్లల అల్లరి చెబితే పడీపడీ నవ్వింది. టిఫిన్ చేశారా అండి అని అడుగుతుంది. ఈ పిల్ల మీద కోపం తెచ్చుకోవాలని పొద్దున్నే గట్టిగా అనుకుంటాను. రేవుకి వచ్చేసరికి మర్చిపోతాను.

జూలై 3

ఆయన ముఖం మాడ్చుకుని కూర్చున్నారు. శ్యామలాంబ అని ఎవరో ముసలావిడ చేరింది, అప్పట్నుంచి దీవెన నాకు సరిగ్గా రిప్లై ఇవ్వట్లేదు అన్నారు. అయ్యో పాపం అన్నాను. లోపల పండగే.

ఇప్పుడు సాయంత్రాలు నాతోనే కబుర్లు. ఇదేగా నేను కోరుకున్నది. అయినా ఆయన మాట్లాడుతుంటే నా చెయ్యి ఫోన్ మీదికే పోతోంది.

జూలై 8

ఆయన సంబరంగా ఫోన్ తెచ్చి నా ముందు పెట్టారు. దీవెన మెసేజ్, ఇంత పొడవుది. దూరం నుంచి వేసేవాడికి ఇరవై ఐదు ఎందుకు ఇవ్వాలో, అలసిపోతే ఎవరికి మార్చాలో, ఒక్కొక్కటీ విడమరిచి రాసింది. చివర్లో నవ్వు బొమ్మ కూడా. నాకు ఎప్పుడూ ఇంత వివరంగా చెప్పలేదు. కడుపు మండిపోయింది.

గిన్నెలు తోముతుంటే తెలిసింది, ఆ మంట దీవెన మీద కాదు. ఆయన మీద.

జూలై 9

ఆయన ఛార్జర్ బియ్యం డబ్బాలో దాచాను.

జూలై 11

దీవెన ఆదివారం మా నరసాపురం వస్తోంది. పిన్నిగారింట్లో ఏదో పని, అలాగే మిమ్మల్నీ చూడాలండి అంది. నా అసలు పేరు దుర్గాశ్రీ అని చెప్పేశాను. ఎవరి భార్యనో చెప్పలేదు.

పెద్దాపురంలో అత్తయ్యగారు ఒక్కరే మరిడమ్మ జాతరకి ఎలా వెళ్తారండీ, మీరు వెళ్లి తీరాలి అని ఆయన్ని ఒప్పించాను. నా అంత మంచి కోడలు దొరకదట.

జూలై 13

ఆయన్ని బస్సెక్కించి వచ్చాను. దీవెన వచ్చే వేళయింది, కట్టి చూస్తున్నది ఇది మూడో చీర.