సింకులో పసుపు

మంగళవారం, రాత్రి

కీమో అయ్యి నిజామాబాద్ నుంచి ఇంటికొచ్చాక ఈరోజే కాస్త లేచి కూర్చున్నాను. ఇన్‌ఫెక్షన్ రాకుండా వంటిల్లు శుభ్రంగా ఉంచాలన్న డాక్టర్ మాటను అత్తమ్మ నాకంటే గట్టిగా పట్టుకుంది. ఎంగిలి గిన్నెలు ఇంట్లో కడగడమేంటని, నేను స్టీలు సింకు పెట్టించిన రోజు అలిగి అన్నం మానేసిన మనిషి! ఈరోజు చికెన్ కడిగాక ఆ సింకునే సబ్బుతో తోమింది. కొంచెం బ్లీచింగ్ కలిపిన నీళ్లు పోసి, కాసేపాగి బాగా కడిగి, పొడిబట్టతో తుడిచింది. చుక్క తడి లేదు.

అంతా అయ్యాక మా చేలో పండిన పసుపు నీళ్లలో కలిపి సింకంతా చల్లేసింది! నాకు ఒళ్లు మండింది.

"మల్ల గిదెందుకు అత్తమ్మా?"

"గది డాక్టర్ సారు చెప్పిండని జేసిన. గిది నా పానం ఊకోక జేస్తున్న బిడ్డా."

మా అమ్మ ఉన్నా ఇంతే చేసేదేమో.

ఎల్లుండి రక్తపరీక్ష. తెల్ల రక్తకణాలు పెరిగాయో లేదో...

ఇందాక నీళ్లకని వెళ్తే సింకులో పచ్చటి మరక ఆరిపోయి ఉంది. తోముదామని పీచు చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ అక్కడే పెట్టేసి వచ్చాను.