నీ గొంతు అడుగుతాండా అవ్వా

హిందూపురం

అవ్వకు వెన్నెల దండాలు. నేను బాగుండా. ఫోన్‌లో చెప్తే సగంలోనే తిడతావని కార్డు రాస్తాండా, నాయనతో చదివించుకో.

నేను గీసిన రెండు నిమిషాల బొమ్మల సినిమా మొన్న కాలేజీలో వేసినారు. అందులో గొర్రెలు తోలే గొంతు నీదే. సెలవుల్లో నీకు చెప్పకుండా ఫోన్‌లో రికార్డు చేసినా. "యాడికి పోతాండావు, సచ్చినోడా!" అని నువ్వు పొట్టేలును తిట్టంగానే అందరూ పడీపడీ నవ్వినారు. "ఎవరమ్మా ఆ అవ్వ?" అని సారు అడిగితే, "మా నల్లమ్మవ్వ" అని గట్టిగా చెప్పినా.

తెల్ల గొర్రె ఈనిందా? నీ మోకాలి నొప్పి ఎట్లుండాది? నాయన వచ్చేటప్పుడు ఉలవపొడి పంపు. ఇంట్లో అందరినీ అడిగినానని చెప్పు.

వచ్చే నెల పెనుకొండలో ఆ సినిమా మళ్లీ వేస్తారంట. ఈసారి నిన్ను అడక్కుండా వెయ్యనియ్యను. వద్దంటే నీ గొంతు తీసేస్తా. నా గొంతు పెట్టి చూసినా అవ్వా, పొట్టేలు మాట విన్నట్టే లేదు.