మంచం కింద ఒంటి చెప్పు

మావారికి నమస్కారాలు.

ఇక్కడ అత్తయ్యా నేనూ క్షేమం. మీరు అక్కడ క్షేమమని రాశారు కాబట్టి అంతవరకు నమ్ముతున్నాను. మిగతావాటి సంగతి కింద రాస్తాను, కుర్చీ లాక్కుని తీరిగ్గా చదవండి.

ముందు మీరడిగినవాటికి జవాబులు. కుక్కర్ పిడి బాగుచేయించాను. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది, ప్లంబరు రేపు రేపంటున్నాడు, ఆ రేపటికి రూపు లేదు. ఆఫీసులో రాజీనామా ఇచ్చేశావా అని అడిగారు. ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటారేమో. అత్తయ్య చెవులు ఈమధ్య మరీ పదునెక్కాయి. నేను వంటింట్లో గుసగుసలాడినా హాల్లోంచి జవాబు వస్తోంది.

మీరు పంపిన ఫొటో అందింది. వెనకాల మీరు రాసింది కూడా చదివాను. "అమ్మ కోసం చూసిన గది. పొద్దున్నే వెళ్ళి నేనే నిలబడి తీశాను. ఎండ ఎలా పడుతోందో చూడు. నువ్వు సరేనంటే ఇల్లు ఖాయం చేసేస్తాను." చూశాను. కిటికీలోంచి ఎండ నేలమీద పరుచుకుని ఉంది. మంచం మీద తెల్లటి దుప్పటి, మడత నలగలేదు. బాగుందనుకున్నాను. తర్వాత మంచం కిందికి చూశాను. అక్కడ ఒక ఆడచెప్పు ఉంది. నీలం పట్టీ, బోర్లాపడి ఉంది. ఒక్కటే.

ఖాళీ ఇంట్లో ఆడవాళ్ళ చెప్పేమిటండీ? ఊరుగాని ఊళ్ళో ఒంటరి మగాడు, పొద్దున్నే ఆ గదిలో పని, మంచం కింద చెప్పు. నా చోట మీరుంటే ఏమనుకునేవారు? ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. "ఏమే, ఎవరిమీది కోపం నా నాలుకమీద తీరుస్తున్నావు?" అన్నారు అత్తయ్య.

మర్నాడు ఫొటో ఆఫీసుకి పట్టుకెళ్ళాను. టేబుల్ లైటు కింద పెట్టి, ఆ చెప్పు తొడిగిన మనిషి కూడా ఎక్కడైనా దొరుకుతుందేమోనని మూలమూలా వెతికాను. తలుపు వెనక చీకటి మూల దగ్గర అనుమానం ఇంకోవైపు తిరిగింది. ఆ మూల మరీ నున్నగా ఉంది. కట్టబోయే ఇళ్ళకి ఫొటోల్లాంటి బొమ్మలు చేసే మా పనిలో కంప్యూటర్ వెలుతురు లెక్కని తొందరగా ముగిస్తే చీకటి చోట్ల ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి. వాటిని తుడిచేసే సెట్టింగ్ ఒకటుంది. అది చుక్కలతోపాటు గోడమీది పగులునీ, మూలలోని దుమ్మునీ కూడా తుడిచేస్తుంది. ఈ మూల అలా తుడిచిన మూల.

మళ్ళీ చెప్పు వంక చూశాను. ఈసారి పోల్చుకున్నాను. అది నా చెప్పేనండీ! నా కాలి చెప్పు ఎదురుగా పెట్టుకుని నేనే కంప్యూటర్లో చేసిన చెప్పు. నేను చేసే ప్రతి గదిలోనూ ఎక్కడో ఒకచోట దాన్ని పడేస్తాను, మనుషులు తిరిగిన ఇల్లులా ఉంటుందని. ఇలాంటి గదులు ఎన్ని చేశానో, ఎండ పడితే అన్నీ ఒకేలా ఉంటాయి, అందుకే వెంటనే ఆనవాలు పట్టలేకపోయాను. నా చెప్పుని చూసి నేనే కుళ్ళుకున్నాను. నవ్వుకోండి. అయితే మరీ ఎక్కువ నవ్వకండి. ఆ ఫొటో మీరు తీసింది కాదు, నేను చేసింది.

పాత ఫైలు వెతికి తెరిచాను. సూర్యుణ్ణి మౌస్‌తో పట్టుకుని ఎటు కావాలంటే అటు తిప్పే ఉద్యోగం నాది. ఆ బొమ్మ చేయించుకున్న బిల్డరు మనుషులు "పొద్దుటి ఎండ పెట్టండి, ఎదురు బిల్డింగ్ అడ్డంగా ఉంది, తీసేయండి" అన్నారు. పెట్టాను, తీసేశాను. ఇప్పుడు నిజంగా ఆ గది ఎటు చూస్తోందో తెలియాలి కదా. అది మీరే చెప్పారు. పోయిన ఉత్తరంలో "పొద్దున పూట గేటు దగ్గర హాయిగా ఉంటుంది, మనం చేరబోయే బిల్డింగ్ నీడ రోడ్డు దాకా పడుతుంది" అని రాశారు. పొద్దున నీడ పడేది పడమటి వైపు. మా ఫైల్లోని ప్లాను ప్రకారం అత్తయ్య గది కిటికీ సరిగ్గా ఆ గేటు మీదే ఉంది. మరి పొద్దుటి ఎండ ఆ గదిలోకి ఎలా వచ్చింది? గోడకి కన్నం వేసుకుని వచ్చిందా?

సూర్యుణ్ణి ఉండాల్సిన చోట పెట్టాను. ఎదురు బిల్డింగ్‌ని మళ్ళీ నిలబెట్టాను. ఇక ఎండ నేరుగా వస్తుందో లేదో అనుమానమే, ఆ గోడకి తగిలి ఎగిరి రావాలి. ఎన్నిసార్లు ఎగరనివ్వాలో సెట్టింగ్‌లో మనమే చెప్పాలి. తక్కువ చెబితే గది గుహలా ఉంది. ఎక్కువ చెబితే ఫరవాలేదనిపించింది. ఏది నిజం? ఎదురు గోడ తెల్లగా ఉందో, నాచు పట్టి ఉందో నాకేం తెలుసు? మా పెద్దాయన, అదే మా సీనియర్, వెనకనుంచి చూసి "ఎంత వెలుతురు కావాలమ్మా?" అన్నాడు. "ఉన్నంత" అన్నాను. "ఆ సెట్టింగ్ లేదమ్మా" అని టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

మీరు ఆ గది గడప తొక్కలేదు. ఎవరో చేతిలో పెట్టిన బొమ్మని మీ ఫొటో అని నాకు పంపారు. మేం త్వరగా రావాలన్న మీ ఆరాటం నాకు తెలుసు. అయినా చాలా కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను, ఆ చెవులకి వినపడకూడదని.

ఇక అసలు సంగతి. గురివింద గింజ తన నలుపెరగదంటారు, నాది నాకు తెలుసు. అమ్మ చూపు ఎలా ఉందని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నారు. "కాస్త మసక, చుక్కల మందు వేస్తున్నాం" అని రాస్తూ వచ్చాను. అదీ తుడిచి పంపిన బొమ్మేనండీ. అత్తయ్యకి చూపు పోయింది. ఇక తిరిగి రాదని డాక్టరు చెప్పింది. మీకు తెలిస్తే ఉద్యోగం వదిలేసి పరిగెత్తుకొస్తారని ఆవిడ భయం. చెబితే నామీద ఒట్టే అన్నారు. ఇవాళ ఆ ఒట్టు తీసి గట్టుమీద పెట్టాను.

నిన్న ఆవిడే "ఏదీ, మావాడు తీసిన ఫొటో ఇలా ఇవ్వు" అన్నారు. ఇచ్చాను. చాలాసేపు చూసి "భలే వెలుతురే! మంచి గదే చూశాడు వెధవ" అన్నారు. ఫొటో తలకిందులుగా ఉంది.

నేను మెల్లగా తిప్పి పెట్టాను. ఆవిడకి అర్థమైపోయింది. నాకూ దాచే ఓపిక అయిపోయింది. చెప్పు దగ్గర్నుంచి సూర్యుడి దాకా అంతా చెప్పేశాను. ఆవిడ ఒకటే నవ్వు, దగ్గొచ్చేదాకా నవ్వారు. తర్వాత అన్నారు కదా, "కళ్ళకి ఎండెందుకే నాకు? వీపుకి కావాలి. మావాణ్ణి ఆ కిటికీ దగ్గర చొక్కా విప్పి కూర్చోమను. వీపు వెచ్చబడితే వస్తాను, లేకపోతే ఇంకో గది చూడమను. ఫొటోలూ గీటోలూ వద్దు."

కాబట్టి వెళ్ళండి. తాళం తీయించి, లోపలికి అడుగుపెట్టి, పొద్దు వాలే వేళకి కిటికీకి వీపు పెట్టి కూర్చోండి. మంచం కింద కూడా ఓసారి చూడండి, అక్కడ నిజంగా చెప్పు ఉంటే మాత్రం అది నాది కాదు. వెచ్చగా ఉందో లేదో రాయండి, అంతే చాలు. ఇన్నాళ్ళూ మీ ఉత్తరాల్లో ఆవిడ చూపు గురించి అడిగిన ముక్కల్ని దాటేసి చదివి వినిపిస్తున్నాను. ఈసారి దేన్నీ దాటవేయకుండా చదువుతాను.

ఇట్లు,
మీ జవాబు కోసం వీధి గుమ్మంలో ఎండకి వీపు పెట్టి కూర్చున్న మీ అమ్మ పక్కనుంచి,
మీ ఇంటావిడ